అట్టముక్కలో కిటికీ

మా ఇంట్లో పాత శుభలేఖలు పారెయ్యం. పెళ్లి అయిపోయాక అవి నా బల్ల సొరుగులోకి చేరతాయి. మూలలకు అద్దిన పసుపు ఎండిపోయినా వేలికి ఇంకా కాస్త అంటుతూనే ఉంటుంది. కార్డు వెనక్కి తిప్పి, మధ్యలో అగ్గిపెట్టెలో సగమంత గడి గీసి, బ్లేడుతో నాలుగు పక్కలా కోసి, ఆ ముక్కని వేలితో తోసేస్తాను. అట్టలో కిటికీ తెరుచుకుంటుంది.

ఇరవయ్యెనిమిదేళ్లు జిల్లా పరిషత్ హైస్కూల్లో డ్రాయింగు మాస్టారుగా చేశాను. మా క్యాథలిక్ దేవాలయం గోడమీద మరియమాతను గీశాను, క్రిస్మస్ పాకకు వెనక తెరలు వేశాను, గురువుల అభిషేకాలకు బ్యానర్లు రాశాను. వీటన్నిటిలో నీ చేతి పని ఏది చూపించమంటావని ఎవరైనా అడిగితే ఈ అట్టముక్కే చూపిస్తాను.

దీన్ని కనిపెట్టింది మాత్రం నేను కాదు. ఉద్యోగంలో ఉండగా ఒక ఆదివారం, హైదరాబాదు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్టలో ఒక పుస్తకం దొరికింది. కొరీటా కెంట్ అనే చిత్రకారిణి తన శిష్యురాలు జాన్ స్టివర్డ్‌తో కలిసి రాసింది. కొరీటా పోయిన తర్వాత 1992లో అచ్చయింది. అమెరికాలో, లాస్ ఏంజలెస్ నగరంలో, ముప్పై ఏళ్లకు పైగా మఠంలో ఉండి, ఆ మఠం వాళ్ల కాలేజీలోనే చిత్రలేఖనం నేర్పిన సిస్టరమ్మ. అట్టలో చిన్న గడి కోసి విద్యార్థుల చేతికిచ్చి, ఇందులోంచి చూడండి అనేది. దానికి ఆమె పెట్టుకున్న పేరు ‘ఫైండర్’. మా పిల్లలు ‘కిటికీ కార్డు’ అన్నారు. ఆ పేరే నిలిచిపోయింది.

ఇంత చిన్న కన్నంలోంచి చూస్తే ఏమొస్తుంది? వేపచెట్టు గీయమంటే మా ఏడో తరగతి పిల్లలు గోధుమరంగు కర్ర నిలబెట్టి పైన పచ్చటి మబ్బు పెట్టేవారు. బడి ఆవరణలో పెద్ద వేపచెట్టు ఉంది. రోజూ దాని కిందే కూర్చుని అన్నం తింటారు. కిటికీ కార్డు పట్టుకుని ఆ మాను దగ్గర పది నిమిషాలు నిలబెట్టాను. బెరడు పగుళ్లు ఎండిన వాగుల్లా విడిపోయి కలుస్తున్నాయి. ఒక పగులు అంచున తేనెరంగు జిగురు బొట్టు. చీమల బారు ఆ బొట్టు దాకా వచ్చి, చుట్టూ తిరిగి, మళ్లీ తన దారిన పడుతోంది. “సార్, ఇది మన చెట్టేనా?” అన్నాడొకడు. అన్నీ ఒక్కసారే కళ్ల ముందుంటే ఏదీ కనబడదు. చుట్టూ ఉన్నదాన్ని అట్ట కప్పేసింది కాబట్టి మిగిలినంతలో కన్ను కుదురుకుంది.

కొరీటా జీవితం చదివిన కొద్దీ అదంతా ఇలాంటి చట్రాల కథ లాగే తోచింది నాకు.

ఆమె అసలు పేరు ఫ్రాన్సెస్ ఎలిజబెత్ కెంట్. 1918లో అయోవా రాష్ట్రంలోని ఫోర్ట్ డాజ్ అనే ఊళ్లో పుట్టింది. చిన్నప్పుడే కుటుంబం లాస్ ఏంజలెస్ చేరింది. 1936లో, పద్దెనిమిదో ఏట, మరియమాత నిష్కళంక హృదయ సభలో చేరి సిస్టర్ మేరీ కొరీటా అయింది.

మా మేనత్త కూతురు మఠానికి వెళ్లిన రోజు నాకు గుర్తుంది. ఒక రేకు పెట్టె, రెండు తెల్ల చీరలు. మేనత్త బస్సు కదిలేదాకా నవ్వుతూనే నిలబడింది. కదిలాక బస్టాండు అరుగు మీద కూలబడి, “దానికి ఇక నాలుగ్గోడలేరా” అంది. ఆ రోజు నేనూ అదే నమ్మాను. ఆ తర్వాత వదిన ఏజెన్సీ ఊళ్లలో నర్సుగా ముప్పై ఏళ్లు తిరిగింది. ఎన్ని కాన్పులు చేసిందో లెక్క లేదు. మా ఇంటి ఆడవాళ్లెవరూ చూడనంత లోకం ఆమె చూసింది. సొంత ఇల్లు, సొంత డబ్బు, సొంత పేరు కూడా వదులుకున్న మనిషికి కన్ను నిలిపే చోటు మిగులుతుందని అప్పుడు నాకు తెలీదు. కొరీటాకి మఠమే మొదటి కిటికీ కార్డు.

రెండో చట్రం చెక్కది. 1951లో కళా చరిత్రలో ఎం.ఏ. పూర్తి చేసిన రోజుల్లో ఆమె స్క్రీన్ ప్రింటింగ్ పట్టుకుంది. మెక్సికో చిత్రకారుడు అల్ఫ్రెడో రామోస్ మార్టినెజ్ భార్య మరియా, భర్త పోయాక, ఆమెకు ఆ పని నేర్పింది. మంగళవార్త జపంలోని మాటనే పేరుగా పెట్టి వేసిన అచ్చుకి 1952లో లాస్ ఏంజలెస్ కౌంటీ మ్యూజియం పోటీలో మొదటి బహుమతి వచ్చింది.

ఆ పేజీలు చదువుతుంటే నా ముక్కుకి ఇంకు వాసన తగిలింది. ఉద్యోగం రాకముందు రెండేళ్లు గుంటూరులో ఒక శుభలేఖల ప్రెస్సులో నేను చేసిన పని అదే. చెక్క చట్రానికి సన్నటి గుడ్డని డప్పులా బిగిస్తాం. అక్షరాలు పడాల్సిన చోటు తెరిచి ఉంచి, మిగతా గుడ్డంతా మందు పూసి మూసేస్తాం. కింద కార్డు, పైన చట్రం, గుడ్డ మీద ఇంకు. రబ్బరు పట్టీతో ఒక్క లాగు లాగితే సర్రుమని చప్పుడు. చట్రం ఎత్తగానే కార్డు మీద తడితడిగా వధూవరుల పేర్లు. ఎన్ని రంగులుంటే అన్ని చట్రాలు. ఒక రంగు ఆరాకే ఇంకో రంగు. చెయ్యి ఇంత పక్కకి జరిగితే ఎరుపు మీద బంగారం కూర్చోదు. ఆ గుడ్డలో మూసిన భాగమే ఎక్కువ, తెరిచిన భాగం చాలా తక్కువ. మూసింది సరిగ్గా మూస్తేనే తెరిచిన చోట అచ్చు శుభ్రంగా పడుతుంది. ఇది ప్రెస్సులో పనిచేసే కుర్రాడికి కూడా తెలుసు. జీవితానికి వర్తింపజేయడానికి నాకు ఇరవై ఏళ్లు పట్టింది.

కొరీటాకి బొమ్మలు అచ్చువేసుకోవడానికి దొరికింది వేసవి సెలవుల చివర్లో కొద్ది వారాలే. మిగతా ఏడాదంతా పాఠాలు, ప్రార్థనలు, మఠం పనులు. ఆ కొద్ది వారాల్లో విద్యార్థినులు, తోటి సిస్టర్లు సాయం పట్టేవారు. ఒకరు కాగితం అందిస్తే ఒకరు తీగకి ఆరేసేవారు. వేసిన అచ్చులకు గొప్ప ధర పెట్టలేదు. లెక్కపెట్టి ఇన్నే అని అపురూపం చేయలేదు. మామూలు ఇళ్ల గోడల మీదికి బొమ్మ వెళ్లాలనే ఆమె ఈ పద్ధతి పట్టుకుంది. అలా జీవితకాలంలో దాదాపు 800 రకాల అచ్చులు వేసింది. సమయం లేదు, గది లేదు, రంగులు లేవు అని నేను ఎన్ని వేసవులు వృథా చేశానో ఆ లెక్క చూశాకే అర్థమైంది.

ఇక ఆమె దేన్ని చూసిందో చెప్పాలి. 1962లో లాస్ ఏంజలెస్ ఫెరస్ గ్యాలరీలో ఆండీ వార్హోల్ సూపు డబ్బాల బొమ్మలు 32 పెట్టాడు. కొరీటా వెళ్లి చూసింది. ఆ ఏడాది ఆమె వేసిన అచ్చుల్లో ఒకదాని పేరు ‘వండర్‌బ్రెడ్’. అది బజారులో అమ్మే రొట్టె పేరు. దాని కవరు మీద రంగురంగుల చుక్కలుంటాయి. ఆ చుక్కల్లో ఆమెకు దివ్యబలిపూజలో గురువు పైకెత్తే అప్పం కనిపించింది. దేవుడు రొట్టె రూపంలో వస్తాడని రోజూ నమ్మి నాలుక చాపే మనిషి, కిరాణా కొట్లో రొట్టెని చూసి ఎందుకు ఆగకూడదు? నేను నలభై ఏళ్లు పూజలో కూర్చున్నాను. ఈ ప్రశ్న నాకు ఎప్పుడూ రాలేదు.

కొరీటా తన విద్యార్థుల్ని కూడా అలాంటి చోట్లకే తీసుకెళ్లేది. సూపర్ మార్కెట్టుకి, పెట్రోలు బంకుకి, కార్లు కడిగే చోటుకి. చేతిలో ఫైండర్. సైన్‌బోర్డు మీది ఒక అక్షరంలో సగం, టైరు మీది గాడి, నీళ్లు పారిన సిమెంటు నేల. ఇంటిపని ఒకటీ రెండూ కాదు, వందల్లో ఇచ్చేది. ఇన్ని గీయండి, ఇన్ని ప్రశ్నలు రాయండి అని. మొదటి ఇరవై బొమ్మలు మనకు ముందే తెలిసినవి. అవి అయిపోయి చెయ్యి అలిసిపోయాక అసలు చూడటం మొదలవుతుంది. ఆ క్లాసులో మాట్లాడ్డానికి కుర్చీల రూపశిల్పి చార్లెస్ ఈమ్స్, సినిమా దర్శకుడు హిచ్‌కాక్ లాంటి వాళ్లు వచ్చేవారు. కొరీటా తన క్లాసు కోసం పది నియమాలు రాసుకుంది. వాటి సారం నా మాటల్లో చెప్పాలంటే: నీకు నమ్మకమైన చోటు ఒకటి వెతుక్కో, అక్కడ కొంతకాలం ఉండు, గురువు నుంచీ తోటివాళ్ల నుంచీ లాగగలిగినంత లాగు, పని ఆపకు. నియమాలు అన్న మాట వింటే మనకు బెత్తం గుర్తొస్తుంది. ఆమె చేతిలో అవి కూడా కిటికీ అంచులే.

కాలేజీలో ఏటా మరియమాత పండుగ ఊరేగింపు జరిగేది. నల్లటి దుస్తులు, గంభీరమైన వరసలు. 1964లో ఆ పండుగ బాధ్యత కొరీటా విభాగానికి వచ్చింది. పూల దండలు, రంగు బ్యానర్లు, కిరాణా డబ్బాల మీది అక్షరాలు, పాటలు. మా గుణదల తిరునాళ్లు తెలిసినవాళ్లకి ఇది వింతగా ఉండదు. ఫిబ్రవరిలో విజయవాడలో ఆ కొండ దారంతా బూందీ కొట్లు, ప్లాస్టిక్ బొమ్మలు, కొబ్బరికాయలు, కొవ్వొత్తులు, గుండు చేయించుకున్న పిల్లలు. బజారు మధ్యలోంచే జనం అమ్మ దగ్గరికి నడుస్తారు. తెలుగు నేల మీది క్యాథలిక్కులకు పుట్టుకతో వచ్చిన ఈ కలయికని, కొరీటా తన ఊళ్లో కష్టపడి సంపాదించుకోవాల్సి వచ్చింది. ఆ ఏడాదే న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో వాటికన్ మంటపానికి క్రీస్తు బోధించిన అష్టభాగ్యాల మీద 40 అడుగుల చిత్రం వేసింది.

అందరికీ నచ్చలేదు. లాస్ ఏంజలెస్ అగ్రపీఠాధిపతి కార్డినల్ మెకింటైర్‌కి నిష్కళంక హృదయ సభ సిస్టర్ల కొత్త పోకడలు, ముఖ్యంగా కొరీటా బొమ్మలు మింగుడు పడలేదు. 1964లో కొరీటా మరియమాతను రసం నిండిన టమాటాతో పోల్చిన మాటలున్న అచ్చు ఒకటి వేసింది. అది పెద్ద గొడవైంది. రెండో వాటికన్ మహాసభ (1962–65) మఠాలను తమ జీవితాన్ని కాలానికి తగ్గట్టు సరిచూసుకోమంది. ఆ మాట పట్టుకుని ఈ సిస్టర్లు దుస్తులు, ప్రార్థన వేళలు, బోధన భారం గురించి మార్పులు తలపెట్టారు. కార్డినల్ ఒప్పుకోలేదు. 1967 క్రిస్మస్ నాటికి కొరీటా ముఖం ‘న్యూస్‌వీక్’ అట్ట మీద ఉంది. లోపల ఆమె అలిసిపోయింది. 1968లో సెలవు తీసుకుని తూర్పు తీరానికి వెళ్లి, మఠాన్ని వదిలేయాలని నిర్ణయించుకుంది. యాభయ్యో ఏట. మరో రెండేళ్లలో ఆ సభలోని సిస్టర్లలో ఎక్కువమంది తమ వ్రతాల నుంచి విడుదల పొంది, వేరే సమాజంగా ఏర్పడ్డారు.

క్యాథలిక్కుగా ఈ పేరా రాయడం నాకు తేలిక కాదు. అయినా ఒక మాట స్పష్టంగా చెప్పాలి. కిటికీకీ గోడకీ వాడేది అదే ఇటుక, అదే సున్నం. హద్దు లేనిదే చూపు నిలవదని కొరీటా దగ్గరే నేర్చుకున్నాను. ఆ హద్దు మధ్యలో వెలుతురు రావడానికి సందు ఉండాలి. సందు పూడ్చేశాక మిగిలింది గోడే, దానికి ఎంత పవిత్రమైన పేరు పెట్టినా. పద్దెనిమిదో ఏట ఆ చట్రంలోకి వెళ్లడం ఎంత విశ్వాసమో, యాభయ్యో ఏట బయటికి రావడమూ అంతే విశ్వాసమని నా నమ్మకం.

బోస్టన్‌లో మిగతా జీవితం గడిపింది. ఒంటరి ఫ్లాటు, నీటిరంగులు. 1971లో అక్కడి గ్యాస్ కంపెనీ కోరితే 140 అడుగుల ట్యాంకుకి ఇంద్రధనుస్సు రంగుల చారలు గీసిచ్చింది. ఆమె చిన్న నమూనా మీద కుంచె ఎలా విదిల్చిందో పెయింటర్లు అలాగే ట్యాంకు మీదికి ఎక్కించారు. 1985లో అలాంటి రంగు చారలతోనే తపాలా బిళ్ల గీసింది. మీద ‘ప్రేమ’ అన్న ఒక్క మాట. 70 కోట్లకు పైగా అమ్ముడయ్యాయి. దాన్ని ఐక్యరాజ్యసమితిలో విడుదల చేయాలని ఆమె ఆశపడింది. తపాలా శాఖ వాళ్లు ఒక టీవీ ప్రేమకథల సీరియల్ సెట్టు మీద చేశారు. ఆమె వెళ్లలేదు. బదులుగా ఇంకో అచ్చు వేసింది. ప్రేమంటే కష్టమైన పని అని దాని పేరు.

క్యాన్సర్‌తో ఏళ్ల తరబడి పోరాడి 1986 సెప్టెంబరు 18న ఆమె కన్నుమూసింది. తన దగ్గర మిగిలిన బొమ్మల్ని తన పాత సిస్టర్లు ఏర్పరచుకున్న ఆ సమాజానికే రాసిచ్చింది. విడిచి వచ్చిన ఇంటికి ఆస్తి రాసిచ్చిన మనిషిని కోపంతో వెళ్లిపోయిందని అనలేం.

మన దగ్గరా ఇలాంటి గురువులు లేకపోలేదు. రాజమండ్రి కళాశాల ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే ఒక కుర్రాడి చేతిలో బొమ్మ చూసి ఆగకపోయి ఉంటే మనకు చిత్రకారుడు దామెర్ల రామారావు దక్కేవాడు కాదు. దామెర్ల బొంబాయి వెళ్లి నేర్చుకుని, గోదావరి ఒడ్డుకి తిరిగొచ్చి, తనూ శిష్యుల్ని తయారుచేశాడు. 1925లో, ముప్పై నిండకుండానే పోయాడు. ఒకరు ఒకరిని చూడటం వల్లే ఆ వరస సాగింది.

ఇక నా సంగతికి వస్తాను. మా బడిలో డ్రాయింగు పీరియడు వారానికి రెండు. కాగితం మీద. పదో తరగతి పరీక్షలు దగ్గరపడితే లెక్కల మాస్టారు తీసుకునేవారు. ఇన్‌స్పెక్షన్ వస్తే చార్టులు రాసేవాణ్ణి, ఎన్నికలొస్తే బోర్డులు రాసేవాణ్ణి. ఆ బడి పేరు చెప్పను. అన్ని బళ్లూ అలాగే ఉన్నాయి. మిగిలిన పీరియడ్లలో కిటికీ కార్డులు పంచాను.

ఒక పిల్ల ఉండేది, తొమ్మిదో తరగతి. తల్లి మిరపకాయల కోల్డ్ స్టోరేజీలో తొడిమలు తీసే పనికి వెళ్లేది. ఇంట్లో ఏదైనా ఒకే వస్తువుని గీసుకురండి, పాతిక బొమ్మలు కావాలి అన్నాను. ఆ పిల్ల తల్లి చేతులు గీసింది. ఒక బొమ్మలో బొటనవేలి గోరు, చుట్టూ నల్లగా పేరుకున్న గీత. ఇంకోదాంట్లో చూపుడువేలి కొసన చీలిన చర్మం, అందులో ఇరుక్కున్న కారం ఎరుపు. దాని కోసం పిల్ల ఎర్ర పెన్ను వాడింది. పదిహేడో బొమ్మలో చెయ్యి నిద్రపోతోంది, వేళ్లు సగం ముడిచి. కార్డు కన్నంలోంచి ఎంతసేపు చూసి ఉంటుందో నాకు తెలుసు. అలాంటి గీత ఊహించి గీస్తే రాదు.

వారం తర్వాత తల్లి బడికి వచ్చింది. పిల్ల చదువు మానేసి బొమ్మలేస్తోందని చెప్పడానికి వచ్చిందనుకున్నాను. గుమ్మం దగ్గరే నిలబడి, చేతులు పైటలో దాచుకుని అంది: “పెళ్లయి పద్దెనిమిదేళ్లయింది సారూ. నా చేతులకేసి ఇంతసేపు ఎవరూ చూడలా. మంట ఎక్కువైతే వెన్న రాసుకోమని పిల్లే అడిగి తెచ్చింది.”

ఆ పిల్ల చిత్రకారిణి కాలేదు. ఇప్పుడు నరసరావుపేట వైపు ఒక ప్రైమరీ స్కూల్లో పాఠాలు చెబుతోంది. అయితేనేం? చాలాసేపు చూసినదాన్ని చిన్నచూపు చూడలేం. డ్రాయింగు పీరియడు ఉన్నది అందుకే. మరియమాతను నేను గోడమీద నీలిరంగు దుప్పటిలో గీశాను. ఆ పిల్ల ఆమెను నిజమైన చేతులతో గీసింది. కొరీటా చూస్తే ఏ బొమ్మ ముందు ఆగేదో నాకు సందేహం లేదు.

హెడ్మాస్టర్లకీ తల్లిదండ్రులకీ నా విన్నపం ఒక్కటే. వారానికి ఆ రెండు పీరియడ్లు పిల్లలకు తిరిగి ఇవ్వండి. బడి ఇవ్వకపోతే మీ ఇంట్లో ఇవ్వండి. ఏదో ఒక పెళ్లి పిలుపు మీ ఇంట్లోనూ ఉంటుంది. మధ్యలో చిన్న గడి కోయండి. ఊడిన ముక్కని పారేసి, మిగిలిన అట్టని పిల్ల చేతికివ్వండి. ఏం చూడాలో మాత్రం చెప్పకండి.